ఒక పోర్టు, మూడు హార్బర్లు: దగ్గరి అర్థమున్న రెండు ఆంగ్ల పదాలను విడదీసుకోవడం ఎలా

"మాస్టారూ, పోర్టుకూ హార్బర్‌కూ తేడా ఏమిటి?"

విశాఖపట్నంలో ఆంగ్లం నేర్పుతున్న నన్ను బడిపిల్లలు అడుగుతారు, ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్లు అడుగుతారు, ఒక్కోసారి వాళ్ల తల్లిదండ్రులూ అడుగుతారు. "రెండూ ఓడరేవే" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయవచ్చు. అలా చెప్పి పంపినప్పుడల్లా ఆ తప్పు మళ్లీ వాళ్లు రాసిన దరఖాస్తులో నాకు ఎదురవుతూనే ఉంది. అందుకే ఈసారి మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

ముందు ఈ వాక్యం చూడండి: విశాఖపట్నం పోర్టు ఒకటే, అందులో లోపలి హార్బర్, బయటి హార్బర్, చేపల హార్బర్ అని మూడు హార్బర్లు ఉన్నాయి. ఇప్పుడు రెండు పదాలను తారుమారు చేయండి. "ఒక హార్బర్‌లో మూడు పోర్టులు." ఏదో తేడాగా ఉందని చెవికి తెలుస్తోంది. ఎందుకు తేడాగా ఉందో నోటితో చెప్పగలగడమే ఈ పాఠం లక్ష్యం.

చదువుతూ పోకండి, పక్కన పుస్తకం పెట్టుకుని చేస్తూ పొండి. గంటన్నర పడుతుంది.

## 1. కూర్చునే ముందు

సిద్ధం చేసుకోవలసినవి:

- ఎదురెదురుగా రెండు ఖాళీ పేజీలున్న నోటుపుస్తకం. ఎడమ పేజీ పైన ఒక పదం, కుడి పేజీ పైన రెండోది రాయండి.
- రెండు రంగుల కలాలు. ఒకటి మీ సొంత వాక్యాలకు, ఒకటి వేరేచోట దొరికిన వాక్యాలకు.
- నేర్చుకునేవారి కోసం తయారైన ఆంగ్లం–ఆంగ్లం డిక్షనరీ. ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. అచ్చుపుస్తకమే కావాలంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వంటి చోట కూర్చుని చూసుకోవచ్చు.
- వారం రోజుల ఆంగ్ల దినపత్రికలు, లేదా వాటి వెబ్‌సైట్లు.

ఆంగ్లం–తెలుగు నిఘంటువును మాత్రం ఇప్పుడు పక్కన పెట్టండి. అది చెడ్డదని కాదు, దాని వంతు చివర్లో వస్తుంది. మొదట్లోనే తెరిస్తే రెండు పదాలకూ ఎదురుగా "రేవు, ఓడరేవు, నౌకాశ్రయం" అనే కనిపిస్తుంది. అక్కడితో మనసు తృప్తిపడి వెతకడం మానేస్తుంది. రెండు ఆంగ్ల పదాలకు ఒకే తెలుగు మాట రాసుకుని పుస్తకం మూసేయడమే అన్ని తప్పులకూ మూలం.

## 2. మొదటి అడుగు: డిక్షనరీ తెరవకముందే మీకు తెలిసింది రాయండి

ఒక్కో పదంతో అయిదేసి వాక్యాలు రాయండి. ఆంగ్లంలో రానివి తెలుగులోనే రాసి, ఆ పదం ఒక్కటీ ఆంగ్లంలో ఉంచండి. రాస్తూ ఎక్కడైనా చెయ్యి ఆగిందా? అక్కడ ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోండి.

చాలామంది ఈ అడుగును దాటేస్తారు, "తెలియకనే కదా నేర్చుకుంటున్నాం" అంటారు. కానీ మనకు తెలియకుండానే మనకు చాలా తెలుసు. జాలరిపేట నుంచి వచ్చే ఒక అమ్మాయికి ఈ పని ఇచ్చాను. పది నిమిషాలు కలం నోట్లో పెట్టుకుని కూర్చుంది. నీకేం గుర్తొస్తే అది చెప్పమ్మా అన్నాను.

"మా నాన్న ఎప్పుడూ పోర్టుకి వెళ్తానని అనరు మాస్టారూ, హార్బర్‌కి వెళ్తానంటారు. పోర్టుకి వెళ్లేది మా పక్కింటి మామయ్య. ఆయన గేటు దగ్గర పాసు చూపించాలి."

డిక్షనరీ చెప్పే తేడాలో ముప్పాతిక వంతు ఆ మూడు వాక్యాల్లోనే ఉంది. నాన్న వెళ్లేది బోటు కట్టి ఉన్న నీటి దగ్గరికి. మామయ్య వెళ్లేది గేటు, పాసు, క్రేన్లు, కాగితాలు ఉన్న సంస్థలోకి. ఆ అమ్మాయి ఇవన్నీ పుట్టినప్పటి నుంచి వింటోంది. తనకు తెలుసన్న సంగతి ఒక్కటే తనకు తెలియదు.

కాబట్టి మీ ఇంట్లో, వీధిలో, పనిచేసే చోట ఆ రెండు పదాలనూ ఎవరు ఎప్పుడు అంటారో గుర్తు చేసుకుని రాయండి. కాగితం మీద పెట్టే మొదటి సాక్ష్యం అదే.

## 3. రెండో అడుగు: నిర్వచనంలో అసలు నామవాచకాన్ని పట్టుకోండి

ఇప్పుడు డిక్షనరీ తెరవండి. నిర్వచనం మొత్తం బట్టీ పట్టవద్దు. "ఇది ఒక..." తర్వాత వచ్చే నామవాచకం ఏదో చూసి దాని కింద గీత గీయండి.

హార్బర్ దగ్గర మీకు కనిపించేది నీరు. అలల నుంచి, గాలి నుంచి కాపుదల ఉండి, ఓడలు నిలవగలిగే నీటి ప్రాంతం. పోర్టు దగ్గర కనిపించేది చోటు, లేదా ఊరు. ఓడల్లోకి సరుకు ఎక్కించి దించే ఏర్పాట్లు ఉన్న స్థలం.

ఒకటి కాపుదల ఉన్న నీరు, ఇంకొకటి రాకపోకల పని జరిగే చోటు. ఈ రెండు మాటలనూ పేజీల పైన పెద్ద అక్షరాలతో రాయండి.

బొమ్మ గీస్తే ఇంకా బాగా నిలుస్తుంది. మన దగ్గర బొమ్మ సిద్ధంగానే ఉంది. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచినట్టు ఉంటుంది. ఉత్తరాన పాతనగరం వైపు రాస్ హిల్, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ. మధ్యలో ఓడలు లోపలికి వచ్చే కాలువ. ఆ కాలువ దాటాక లోపల నిశ్చలంగా ఉన్న నీరు లోపలి హార్బర్. బయట సముద్రంలో రాళ్ల అడ్డుకట్టలు కట్టి అలలను ఆపిన నీరు బయటి హార్బర్. ఒకచోట కాపు కాసేది కొండ, ఇంకోచోట మనిషి పేర్చిన రాయి. కాపుదల మాత్రం రెండుచోట్లా ఉంది.

ఆ నీటి చుట్టూ ఉన్న బెర్తులు (ఓడను ఆనించి కట్టే చోట్లు), క్రేన్లు, గోదాములు, రైలు పట్టాలు, కస్టమ్స్ కార్యాలయం, వీటన్నిటినీ నడిపే యంత్రాంగం, అన్నీ కలిస్తే పోర్టు. హార్బర్లు అందులో భాగం. ఒక పోర్టులో మూడు హార్బర్లు ఉండటం ఎలా సాధ్యమో ఇప్పుడు మీరే చెప్పగలరు.

## 4. మూడో అడుగు: ఒక్కొక్కటే తీసివేసి చూడండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన అడుగు ఇది. వస్తువులోని లక్షణాలను ఒక్కొక్కటిగా తీసేయండి. ఏది తీసేస్తే ఆ పేరు నిలవకుండా పోతుందో అదే ఆ పదానికి ప్రాణం.

క్రేన్లు, గోదాములు, కస్టమ్స్ తీసేయండి. కొండల మధ్య నిశ్చలమైన నీరు మాత్రమే మిగిలింది. అది ఇంకా హార్బరే, సహజమైన హార్బర్. పోర్టు మాత్రం కాదు.

కాపుదల తీసేయండి. భీమునిపట్నం గుర్తు చేసుకోండి. ఒకప్పుడు అది పేరున్న పోర్టు. కానీ అక్కడ ఓడలకు కాపుదల ఉన్న నీరు లేదు. ఓడ ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది, సరుకును చిన్న పడవల మీద చేరవేసేవారు. వ్యాపారం నడిచింది కాబట్టి పోర్టు. ఓడలు నిలిచే చోట ఆశ్రయం లేదు కాబట్టి హార్బర్ అనడానికి లేదు. ఈసారి భీమిలి వెళ్లినప్పుడు ఒడ్డున నిలబడి ఈ మాట తలచుకోండి, ఇక మరచిపోరు.

సముద్రాన్నే తీసేయండి. హార్బర్ వెంటనే పోయింది, నీరు లేనిదే హార్బర్ లేదు. పోర్టు పోయిందా? లేదు. విమానాలు దిగే చోటును ఎయిర్‌పోర్టు అంటున్నాం. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ సనత్‌నగర్‌లో కంటైనర్ డిపో ఉంది. అలాంటి చోట్లను డ్రై పోర్టులంటారు. కంప్యూటర్‌కు పక్కన తీగ గుచ్చే రంధ్రాన్నీ పోర్టే అంటాం. అన్నిటిలో ఉన్నది ఒకటే, రాకపోకల ద్వారం.

సీపోర్ట్, ఎయిర్‌పోర్ట్, డ్రై పోర్ట్ అంటూ పోర్టుకు ముందు ఏ రకమో చెప్పే మాట ఎందుకు వస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. హార్బర్ అంటేనే నీరు, కాబట్టి "సీ హార్బర్" అని రాయనక్కరలేదు.

ఈ అడుగులో సరిచూసుకోవలసినవి:

- ప్రతి పదం నుంచి కనీసం మూడు లక్షణాలు తీసి చూశారా?
- "అది ఉంది, ఇది లేదు" అనడానికి ఒక నిజమైన చోటు దొరికిందా? ఊహించి పెట్టుకున్న ఉదాహరణ వారంలో మరుగున పడుతుంది, చూసిన చోటు పడదు.
- ప్రాణమైన లక్షణాన్ని రెండు మూడు మాటల్లో చెప్పగలరా?

## 5. నాలుగో అడుగు: పక్కన కూర్చునే మాటలను ఏరండి

అర్థం తెలిసినా వాడుక తెలియకపోతే వాక్యం తప్పుతుంది. వాడుక పదంలో ఉండదు, దాని ఇరుగుపొరుగున ఉంటుంది.

పత్రికల్లో రెండు పదాలనూ వెతకండి. ప్రతి వాక్యంలో పదానికి ముందున్న మాట, తర్వాత ఉన్న మాట రాసుకోండి. ఒక్కో పదానికి ఇరవై వాక్యాలు చాలు. ఓపిక ఉన్నవాళ్లు కార్పస్‌లో వెతకవచ్చు. కోట్ల కొద్దీ మాటల నిజమైన రాతను పోగుచేసి, ఏ పదం పక్కన ఏది ఎక్కువగా వస్తుందో చూపించే భాండారాలవి.

నా విద్యార్థుల పుస్తకాల్లో ఎక్కువసార్లు వచ్చినవి ఇవి.

పోర్టు వైపు:

- పోర్ట్ అథారిటీ, పోర్ట్ ట్రస్ట్. మన సంస్థకు ఇదివరకు ట్రస్ట్ అని పేరు. 2021 నాటి మేజర్ పోర్టుల చట్టం తర్వాత అథారిటీ అయింది.
- పోర్ట్ సిటీ
- మేజర్ పోర్ట్, మైనర్ పోర్ట్
- పోర్ట్ ఆఫ్ ఎంట్రీ, అంటే దేశంలోకి అడుగుపెట్టే అధికారిక ద్వారం
- పోర్ట్ ఆఫ్ కాల్, అంటే ఓడ ప్రయాణంలో మధ్యలో ఆగే చోటు
- హోమ్ పోర్ట్, అంటే ఓడకు సొంత రేవు

హార్బర్ వైపు:

- నేచురల్ హార్బర్
- ఫిషింగ్ హార్బర్
- ఇన్నర్ హార్బర్, అవుటర్ హార్బర్
- హార్బర్ మాస్టర్
- సేఫ్ హార్బర్

జాబితా రాసి ఆగిపోకండి, ప్రతి జంటకూ "ఎందుకు?" అని అడగండి. అథారిటీ పోర్టుకే ఎందుకు? పాలన, రుసుము, కాగితం సంస్థకు ఉంటాయి, నీటికి ఉండవు. హార్బర్ మాస్టర్ అని ఎందుకు? ఏ ఓడ ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి అని నీటి మీది కదలికలను చూసే అధికారి ఆయన. నేచురల్ హార్బర్ ఉంది, నేచురల్ పోర్ట్ అన్న మాట అరుదు. ప్రకృతి కొండనూ నీటినీ ఇస్తుంది, క్రేనునూ కస్టమ్స్‌నూ ఇవ్వదు.

ఒక్క వార్త తీసుకుని ఈ సాధన చేయాలంటే తుపాను రోజుల పత్రిక పట్టుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం పడగానే "విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అంటారు. అదే పేజీలో "వేటకు వెళ్లిన బోట్లు హార్బర్‌కు చేరుకున్నాయి" అని ఉంటుంది. హెచ్చరిక ఎగరేసేది పోర్టు, అది యంత్రాంగం పని. బోటు వచ్చి తలదాచుకునేది హార్బర్‌లో, అది నీరిచ్చే ఆశ్రయం. రాసిన విలేకరి తేడా ఆలోచించి ఉండరు, వాడుకే ఆ వాక్యాలను అలా రాయించింది.

## 6. అయిదో అడుగు: రెండు పదాలనూ క్రియలుగా వాడి చూడండి

నామవాచకాలుగా పక్కపక్కనే నడిచిన పదాలు క్రియలయ్యేసరికి ఆమడ దూరం పోతాయి. అందుకే ఈ అడుగు తప్పనిసరి.

హార్బర్ క్రియ అయితే "ఆశ్రయం ఇవ్వడం". కానీ ఎవరికి? ఎక్కువగా ఆశ్రయం ఇవ్వకూడని వాళ్లకు. పోలీసులు వెతుకుతున్న వ్యక్తిని ఇంట్లో దాచినవారి గురించి వార్తల్లో ఈ క్రియే వాడతారు. పాత భారతీయ శిక్షాస్మృతిలో నేరస్థుడికి ఆశ్రయమివ్వడాన్ని గురించిన 212వ సెక్షన్‌లోని మాట ఇదే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ మాట కొనసాగుతోంది.

రెండో వాడుక మనసుకు సంబంధించింది. పగ, అనుమానం, అసూయ, భయం, ఇలాంటివాటిని బయటికి చెప్పకుండా చాలాకాలం లోపల దాచుకోవడం. మనం "కడుపులో పెట్టుకున్నాడు" అనే దానికి చాలా దగ్గర. ఎవరికీ చెప్పని కోరికకు, ఆశకు కూడా వాడతారు. "చాలాకాలం", "లోపల" అన్న రెండు గుణాలూ ఉండాలి. క్షణికమైన కోపానికి ఈ క్రియ నప్పదు.

మూడోది వంటింటిది. తడి గుడ్డలో, కడగని పీటలో సూక్ష్మక్రిములు చేరి పెరుగుతుంటే ఆ గుడ్డ వాటిని "హార్బర్" చేస్తోందని రాస్తారు. ఇక్కడా అక్కరలేని అతిథికే చోటు.

పోర్టు క్రియ అయితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం. ఫోను నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మారితే నంబరును "పోర్ట్" చేశాం అంటాం. ఒక కంప్యూటర్ వ్యవస్థకు రాసిన ప్రోగ్రామును ఇంకో వ్యవస్థకు మార్చినా అదే మాట.

ఒకటి దాచిపెడుతుంది, ఒకటి దాటిస్తుంది.

ఉద్యోగ దరఖాస్తు రాసిన ఒక కుర్రాడు "మీ సంస్థ పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది" అనే భావానికి ఈ హార్బర్ క్రియ వాడాడు. పెద్ద పదం, బాగుంటుందనుకున్నాడు. చదివినవారికి ఆ గౌరవం ఏదో రహస్యంగా దాచిపెట్టినట్టు వినిపిస్తుంది. అలాంటి చోట సాదా "హ్యావ్" చాలు. ఆ కాగితం నా చేతికి వచ్చేసరికి పంపించడం అయిపోయింది, అది ఇప్పటికీ నాకు బాధే. అలాంటి కాగితాలు పంపకముందు ఎవరికైనా చూపించండి.

## 7. ఆరో అడుగు: పుట్టుక, కొంచెమే

హార్బర్ పాత ఆంగ్లపు మాట నుంచి వచ్చింది. సైన్యానికి విడిది, బస అనే అర్థం దాని మూలంలో ఉంది. ఓడల అర్థం తర్వాత చేరింది. అందుకే క్రియలో ఆశ్రయం అనే భావం అంత గట్టిగా నిలిచింది. పోర్టు లాటిన్ "పోర్టస్" నుంచి వచ్చింది, దానికి రేవు అనే అర్థం.

జాగ్రత్త పడవలసింది ఒకే రూపంతో కనిపించే వేరే మాటల దగ్గర. పోర్ట్ అనే ద్రాక్షసారాయి పోర్చుగల్‌లోని పోర్టో నగరం పేరు నుంచి వచ్చింది. ఓడలో ముందుకు చూస్తూ నిలబడితే ఎడమ పక్కను కూడా పోర్ట్ అంటారు. ఇదివరకు ఆ పక్కను "లార్‌బోర్డ్" అనేవారు. కుడి పక్క "స్టార్‌బోర్డ్". గాలిహోరులో ఎవరో అరిస్తే రెండూ ఒక్కలాగే వినిపించేవి. అందుకని బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్‌ను మానిపించి పోర్ట్ అనే మాటనే వాడమంది. దగ్గరగా వినిపించే రెండు మాటల వల్ల ఓడలే దారి తప్పవచ్చని నౌకాదళం ఆదేశం ఇవ్వవలసి వచ్చిందంటే, మనం తడబడటంలో వింత లేదు.

పుట్టుక అర్థాన్ని గుర్తుపెట్టుకోవడానికి సాయపడుతుంది, వాడుకను నిర్ణయించదు. ఇక్కడ పది నిమిషాలకు మించి గడపవద్దు.

## 8. ఏడో అడుగు: చిన్న మాటలు, స్పెల్లింగు

పెద్ద పదం సరిగ్గా పెట్టి పక్కనున్న చిన్న మాట దగ్గర జారిపోయేవాళ్లే ఎక్కువ.

- ఓడ నీటిలో ఉందని చెప్పాలంటే హార్బర్‌కు ముందు "ఇన్ ద". హార్బర్ అంటే మనసులో నీరు కనిపించాలి, ఓడ ఆ నీటి లోపల ఉంది.
- ఓడ ప్రయాణం ఆపి రేవులో ఉందని చెప్పాలంటే పోర్టుకు ముందు "ఇన్" ఒక్కటే, "ద" లేకుండా. విద్యార్థి "ఇన్ స్కూల్" అన్నప్పటి పోలికే ఇది. స్థలం గురించి కాదు, స్థితి గురించి చెబుతున్నాం.
- మనిషి పోర్టు దగ్గర పనిచేస్తున్నాడు అంటే "ఎట్ ద".
- బ్రిటిష్ పద్ధతిలో హార్బర్ చివర "ఓ యు ఆర్", అమెరికా పద్ధతిలో "ఓ ఆర్". మన పత్రికలు, కార్యాలయాలు మొదటిదే వాడతాయి. ఒక ఉత్తరంలో రెండూ కలపకండి.
- ఊరి పేర్లు దేనికీ లొంగవు. పెర్ల్ హార్బర్‌ను "ఓ ఆర్"తోనే రాయాలి, అది అమెరికాలోని పేరు. సిడ్నీ హార్బర్‌ను "ఓ యు ఆర్"తో రాయాలి.

## 9. ఎనిమిదో అడుగు: ఇప్పుడు తెలుగులోకి తిరిగి రండి

పక్కన పెట్టిన ఆంగ్లం–తెలుగు నిఘంటువు తెరవండి. మొదట ఒకేలా కనిపించిన మాటలు ఇప్పుడు వేరుగా కనిపిస్తాయి.

"నౌకాశ్రయం" అనే మాటను విడదీయండి. నౌకకు ఆశ్రయం. మాట నిర్మాణాన్ని బట్టి ఇది హార్బర్‌కు అద్దం. "రేవు" చూడండి. ఏటి ఒడ్డున మనుషులు దిగే చోటు రేవు, పడవ ఎక్కే చోటు రేవు, బట్టలు ఉతికే చోటు చాకిరేవు. రేవు అంటే నేలకూ నీటికీ మధ్య పని జరిగే చోటు. ఇది పోర్టుకు దగ్గర. ఆంగ్లంలో ఉన్న తేడాకు మన మాటల్లోనూ చోటు ఉంది. పత్రికల్లో ఒకదాని బదులు ఇంకొకటి వాడివాడి అది మన కంటికి ఆనడం మానేసింది, అంతే.

అనువాదం చేసేవారికి నా సలహా: పోర్టుకు "ఓడరేవు" లేదా పోర్టు అనే ఉంచండి, హార్బర్‌కు "నౌకాశ్రయం" లేదా హార్బర్ అనే ఉంచండి. ఒకే వ్యాసంలో రెండూ వస్తే మాత్రం ఈ నియమం తప్పవద్దు. లేకపోతే "ఒక ఓడరేవులో మూడు ఓడరేవులు" అని రాయవలసి వస్తుంది.

## 10. తరచూ దొర్లే తప్పులు, వాటి సవరణ

తప్పు: పోర్టు సంస్థకు రాసే ఉత్తరంలో "హార్బర్ అథారిటీ" అని చిరునామా.
సవరణ: సంస్థ అధికారిక పేరు చూసి రాయండి. మన ఊళ్లో అది విశాఖపట్నం పోర్ట్ అథారిటీ.

తప్పు: చేపల బోట్లు ఆగే చోటును ఉట్టి "పోర్టు" అనడం.
సవరణ: ఫిషింగ్ హార్బర్. విశాఖలో ఆటో ఎక్కి పోర్టు అంటే ఒకచోటికి, హార్బర్ అంటే ఇంకోచోటికి తీసుకువెళతారు.

తప్పు: చట్టం, ఇంటర్నెట్ విషయాల్లో "సేఫ్ పోర్ట్".
సవరణ: సేఫ్ హార్బర్. వాడుకదారులు పెట్టిన రాతలకు వెబ్‌సైట్లను నేరుగా బాధ్యులను చేయకుండా, కొన్ని షరతులతో 2000 నాటి ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణను ఈ పేరుతోనే పిలుస్తారు. ఆశ్రయం అనే భావం కాబట్టి హార్బర్.

తప్పు: విశాఖ చుట్టుపక్కల ఉన్నదంతా ఒకే పోర్టు అనుకుని రాయడం.
సవరణ: గంగవరం పోర్టు వేరు. అది విశాఖపట్నం పోర్టులోని ఇంకో హార్బర్ కాదు, మరో పోర్టు.

తప్పు: ఒక మినహాయింపు కనబడగానే నేర్చుకున్నదంతా వదిలేయడం.
సవరణ: మినహాయింపులకు వేరే పేజీ పెట్టండి. "తుపానులో ఏ పోర్టయినా ఒకటే" అనే అర్థంతో ఆంగ్లంలో ఒక సామెత ఉంది. దిక్కులేనప్పుడు దొరికిందే దక్కుదల అని దాని భావం. అక్కడ పోర్టు అనే మాటే ఆశ్రయాన్ని సూచిస్తోంది. దగ్గరి పదాలు అంచుల దగ్గర కలుస్తాయి, నడుమ విడిపోతాయి. ముందు నడుమ భాగం నేర్చుకోండి.

## 11. ఇదే వరుసలో ఇంకో జత

పద్ధతి చేతికి వచ్చిందో లేదో తెలియాలంటే రామకృష్ణా బీచ్‌కు వెళ్లి "బీచ్", "కోస్ట్" అనే జతతో కూర్చోండి. దారి చూపి వదిలేస్తాను.

- అసలు నామవాచకం: ఒకదానిలో ఇసుక లేదా గులకరాళ్లు, ఇంకొకదానిలో సముద్రం పక్కన సాగే నేల.
- తీసివేత: ఇసుక తీసేసి కొండరాయి పెట్టండి. ఏ పేరు పోయింది, ఏ పేరు మిగిలింది? కైలాసగిరి మీద నుంచి కిందికి చూస్తే రెండూ ఒకేసారి కనిపిస్తాయి.
- ఇరుగుపొరుగు: కోస్ట్ గార్డ్ ఉంది, బీచ్ రోడ్ ఉంది. తారుమారు చేసి, ఎందుకు కుదరదో రాయండి.
- క్రియ: ఒకటి పడవ ఒడ్డున ఇసుకలోకి ఎక్కడం, ఇంకొకటి ఇంజను పని లేకుండా జారుతూ పోవడం. ఏది ఏదో మీరే తేల్చండి.
- చిన్న మాట: ఇసుక మీద కూర్చుంటే "ఆన్ ద". మరి విశాఖపట్నం తూర్పు తీరాన ఉంది అనడానికి ఏమంటారు?
- తెలుగు: తీరం, ఒడ్డు, ఇసుకతిన్నె. ఏది ఎటు?

చివరి ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు పక్కన మాట్లాడుకుంటున్నవాళ్ల మాటలు ఒక పావుగంట వినండి. ఒడ్డు అని ఎవరంటున్నారో, బీచ్ అని ఎవరంటున్నారో రాసుకోండి. ఆ పేజీతోనే మొదలుపెట్టండి, డిక్షనరీ ఆ తర్వాత తెరవవచ్చు.